టీ-55కి 105 గన్: రెండు కిట్లతో మన సైన్యం ట్యాంకు కట్టడం ఎలా

టీ-55 ట్యాంకు ప్లాస్టిక్ మోడల్ కిట్టుని పెట్టెలో ఉన్నది ఉన్నట్టు కడితే సోవియట్ బండో, తూర్పు జర్మనీ బండో అవుతుంది. మన సైన్యం బండి కావాలంటే గన్ దగ్గర ఆగిపోతాం. 1971 యుద్ధం తర్వాత మనవాళ్ళు టీ-54, టీ-55లకి సోవియట్ 100 మి.మీ. గన్ తీసేసి, బ్రిటిష్ డిజైన్ ఎల్7 105 మి.మీ. గన్ బిగిస్తూ వచ్చారు. ఆవడి ఫ్యాక్టరీలో తయారైన విజయంత ట్యాంకుకీ గన్ అదే. సోవియట్ ఒంటికి బ్రిటిష్ గన్ ఉన్న ఈ బండికి రెండు కిట్లు కలపాలి. మొదటిసారి కిట్ బ్యాషింగ్ (రెండు మూడు కిట్ల భాగాలు కలిపి ఒక మోడల్ కట్టడం) చేసేవాళ్ళకి దీన్నే చెబుతాం. మార్చాల్సిన పెద్ద భాగం ఒక్కటే, కానీ కొలత, కోత, అతుకు, రంగు అన్నీ అందులోనే నేర్చుకోవచ్చు. కింద చెప్పేదంతా 1/35 స్కేలుకి, అంటే అసలు బండిలో 35వ వంతు మోడల్‌కి.

ముందు ఫోటో

కిట్లు ఆర్డరు పెట్టకముందే ఒక్క బండి ఫోటో ఎంచుకోండి. ఒక్కటే. నాలుగు ఫోటోల్లోంచి నాలుగు భాగాలు తీసుకుంటే ఎక్కడా లేని ట్యాంకు తయారవుతుంది. మీరు కట్టే బండికి పక్క నుంచి తీసిన ఫోటో ఒకటి తప్పకుండా ఉండాలి, ఎందుకంటే కొలతలు దాన్నుంచే తీస్తాం.

స్మారకంగా సిమెంటు దిమ్మ మీద నిలబెట్టిన ట్యాంకుల ఫోటోలు తేలిగ్గా దొరుకుతాయి. ఆకారానికి, కొలతలకి అవి బాగా పనికొస్తాయి. రంగుకీ నంబర్లకీ మాత్రం నమ్మొద్దు. దిమ్మ ఎక్కించేముందు సామాను ఊడదీస్తారు, ఏటా ఎవరో ఒకరు చేతికందిన ఆకుపచ్చ కొట్టిస్తారు, ఊడిపోయిన మూతల బదులు రేకు ముక్కలు వెల్డింగు చేస్తారు.

ఏ కాలం బండి కడుతున్నారో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 1971 డిసెంబరు నాటి బండి అయితే గన్ ఇంకా సోవియట్ 100 మి.మీ.దే. దానికి గన్ మార్చకూడదు. కానీ ఆ యుద్ధంలో మన టీ-54, టీ-55లకి ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంది. ఎదురుగా వచ్చేవి పాకిస్తాన్ వాళ్ళ టైప్ 59లు. అవి టీ-54 డిజైన్‌తో చైనా తయారుచేసినవి, దూరం నుంచి చూస్తే రెండూ కవలపిల్లలే. మనవాళ్ళు మనవాళ్ళనే కొట్టుకోకుండా మన బండ్ల బ్యారెల్ (గన్ గొట్టం) మధ్యలో, గన్ లోపలి పొగని బయటికి పంపే డబ్బాలా కనబడే ఉత్తుత్తి ఫ్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్ తొడిగారు. అంటే 1971 బండికి బ్యారెల్ మీద ఒక డబ్బా అదనంగా తయారుచేయాలి, తర్వాతి బండికి బ్యారెల్ మొత్తం మార్చాలి. రెండింటికీ దారి వేరు. మొదట గన్ మార్చడం చెబుతాం, డబ్బా సంగతి తర్వాత.

ఏ కిట్టు నుంచి ఏ భాగం

ఒంటికి టామియా 1/35 టీ-55ఏ చాలు. భాగాలు ఇట్టే కలుస్తాయి, చక్రాల వరస దానంతటదే తిన్నగా వస్తుంది. మినిఆర్ట్, టకోమ్ కిట్లలో వివరం ఎక్కువ, ముక్కలూ ఎక్కువే. మినిఆర్ట్‌లో లోపలి భాగాలు కూడా వచ్చే కిట్టు కొంటే గన్ మార్చడం రెండింతలు కష్టం, ఎందుకంటే గన్ వెనకభాగం కూడా మార్చాల్సి వస్తుంది. తలుపులు మూసి కట్టేవాళ్ళకి ఆ ఖర్చు దండగ.

గన్ కోసం 105 మి.మీ. ఎల్7 ఉన్న ఏ ట్యాంకైనా పనికొస్తుంది: ఏఎఫ్‌వీ క్లబ్ షోట్ కల్ (ఇజ్రాయెల్ వాడిన సెంచూరియన్), లేదా ఏ కంపెనీదైనా లెపర్డ్ 1. సెంచూరియన్ కొనేటప్పుడు పెట్టె మీద గన్ ఏదో చదవండి. పాత సెంచూరియన్లకి ఉన్నది 17 పౌండర్, 20 పౌండర్ గన్లు, అవి ఇక్కడ పనికిరావు. ఇజ్రాయెల్ వాళ్ళు టీ-54, టీ-55లని మార్చుకున్న టిరాన్ కిట్లు కూడా దొరుకుతాయి. అందులో 105 గన్ ఉన్న కిట్టు దొరికితే సగం పని తప్పినట్టే, కానీ టిరాన్‌లన్నిటికీ 105 లేదు, ఇక్కడ కూడా పెట్టె చదివే కొనాలి. ఒక్క బ్యారెల్ కోసం రెండో కిట్టు మొత్తం ఎందుకు అనిపిస్తే అల్యూమినియంతో చెక్కిన విడి బ్యారెల్ కొనుక్కోవచ్చు. అది నిక్కచ్చిగా గుండ్రంగా ఉంటుంది, మధ్యలో సందు గీత ఉండదు. బరువు మాత్రం ఎక్కువ, దాని సంగతి కింద ఉంది.

నెల్లూరులో, ఒంగోలులో ఈ కిట్లు కొట్లో చూసి కొనడం కుదరదు, ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి. కొరియర్ వచ్చిన రోజే పెట్టె విప్పి, స్ప్రూల (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రాలు) మీద ఉన్న అక్షరాలని సూచనల కాగితంతో సరిచూసుకోండి. కత్తిరించిన ముక్క ప్రతిదాన్నీ ఏ కిట్టుదో, ఏ నంబరుదో రాసిన జిప్ కవర్లో వేయండి. రెండు కిట్లలోనూ ఏ-12 ఉంటుంది, వారం తర్వాత ఏది ఏదో తెలియదు.

కొలతలు

అసలు బండి కొలత మిల్లీమీటర్లలో తీసుకుని 35తో భాగించాలి. టీ-55 ఒంటి పొడవు 6,450 మి.మీ., అంటే మోడల్లో 184. వెడల్పు 3,270, అంటే 93. చక్రం వ్యాసం 810, అంటే 23.1. ట్రాకు వెడల్పు 580, అంటే 16.6. గన్ నోటి రంధ్రం 105, అంటే సరిగ్గా 3 మి.మీ. ఎల్7 గొట్టం పొడవు 52 క్యాలిబర్లు (నోటి వ్యాసానికి 52 రెట్లు), అంటే 5,460 మి.మీ.; మోడల్లో 156, కానీ వెనక కొంత టరెట్ (గన్‌తో పాటు తిరిగే పైభాగం) లోపల ఉంటుంది.

పాత కిట్టులోంచో, స్నేహితుడి స్పేర్స్ డబ్బా (పాత కిట్లలో మిగిలిన ముక్కల డబ్బా) లోంచో గన్ తీసుకుంటే స్కేలు తేల్చడానికి ఆ నోటి రంధ్రమే మొదటి పరీక్ష. 1/48 కిట్టులో అదే గన్ నోరు 2.2 మి.మీ., 1/72లో 1.5. ఇవి కంటికే తెలిసిపోతాయి. ప్రమాదం 1/32తోనే. అక్కడ 3.3 మి.మీ., తేడా వెర్నియర్ పెడితే తప్ప పట్టుబడదు. జెర్రీక్యాన్లు, పెట్టెలు, పారలు, సైనికుల బొమ్మలు కూడా ఇలాగే మోసం చేస్తాయి. 20 లీటర్ల జెర్రీక్యాన్ ఎత్తు సుమారు 470 మి.మీ.; 1/35లో 13.4, 1/32లో 14.7. ఒక్కటి పెడితే ఎవరూ పట్టుకోరు. రెండు స్కేళ్ళవి పక్కపక్కన పెడితే ట్యాంకు చిన్నదైనట్టు కనిపిస్తుంది. స్పేర్స్ డబ్బాని కంపెనీల వారీగా కాక స్కేలు వారీగా సర్దుకోవాలనేది అందుకే.

ఫోటో నుంచి కొలత తీయడానికి చక్రాన్ని కొలబద్దగా వాడండి. ప్రింటు తీసిన ఫోటోలో చక్రం వ్యాసం 18 మి.మీ. ఉండి, బ్యారెల్ మీది డబ్బా పొడవు 14 మి.మీ. ఉందనుకోండి. 14ని 18తో భాగించి 23.1తో గుణిస్తే 18. మీ మోడల్లో డబ్బా 18 మి.మీ. ఉండాలి. ఫోటో సరిగ్గా పక్క నుంచి తీసినదై ఉండాలి. ముందు మూల నుంచి తీసిన ఫోటోలో బ్యారెల్ పొట్టిగా కనబడి లెక్క తప్పుతుంది. టరెట్ నుంచి బ్యారెల్ ఎంత బయటికి రావాలో, ముందు మడ్‌గార్డు దాటి ఎంత పొడుచుకు రావాలో కూడా ఈ లెక్కతోనే తేల్చి, ఒక కాగితం మీద నిలువు గీతలుగా గీసి గోడకి అంటించుకోండి. పని జరిగినన్ని రోజులూ మోడల్‌ని దాని పక్కన పెట్టి చూసుకోవచ్చు.

సామాను

సన్నటి పళ్ళ రంపం, చిన్న ఆకురాయి, పిన్ వైస్ (చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు)తో పాటు 0.5 నుంచి 3 మి.మీ. దాకా డ్రిల్ బిట్లు, వెర్నియర్ కాలిపర్, స్ప్రూ కత్తిరించే నిప్పర్. పట్టకారు, నిప్పర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సెల్‌ఫోన్ రిపేరు సామాను అమ్మే కొట్లలో దొరుకుతాయి. 400, 600, 1000 నంబరు నీళ్ళ పేపర్లు (తడిపి అరగదీసే గరుకు కాగితాలు) కార్ల రంగు సామాను అమ్మేచోట ఉంటాయి.

ఇక మన వైపు మాత్రమే ఇంత తేలిగ్గా, ఇంత చవగ్గా దొరికేది ఒకటుంది. చీమకుర్తి గ్రానైట్. వంటగట్టుకి సింకు కోసం కోసి తీసేసిన పాలిష్ ముక్క, అడుగున్నర పొడవున్నది, గ్రానైట్ కొట్టువాళ్ళని అడిగితే ఇచ్చేస్తారు. బల్లచెక్క వంగుతుంది, అద్దం పగులుతుంది, ఇది రెండూ చేయదు. ఒంటిని దానిమీద పెడితే పది చక్రాల్లో ఏది లేచి ఉందో కనబడుతుంది. నీళ్ళ పేపరు తడిపి దానికే అంటిస్తే కోసిన మొన సమంగా అరుగుతుంది. బ్యారెల్ ఎత్తు కొలవడానికీ అదే ఆధారం.

జిగుర్ల దగ్గర చాలామంది తడబడతారు. ప్లాస్టిక్ సిమెంటు, ఉదాహరణకి టామియా ఎక్స్‌ట్రా థిన్, కిట్టు ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ని కరిగించి ఒకదాంట్లో ఒకటి కలిపేస్తుంది. అది రెసిన్‌నీ, లోహాన్నీ ఏమీ చేయలేదు, వాటికి ఫెవిక్విక్ కానీ అరాల్డైట్ కానీ వాడాలి. ఫ్లెక్స్ బోర్డులవాళ్ళు అక్రిలిక్ అతికించే క్లోరోఫామ్ చవగ్గా వస్తుంది కదా అని తేవద్దు. పాలీస్టైరీన్ పల్చటి అంచులు దాని కింద క్షణంలో ముద్దైపోతాయి, ఆవిరి పీల్చడం ఒంటికీ మంచిది కాదు. గోళ్ళ రంగు తుడిచే ఎసిటోన్ కూడా ఇంతే. రెసిన్ ముక్కలని పొడిగా అరగదీయొద్దు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడిపి అరగదీయాలి, మాస్కు పెట్టుకోవాలి.

బ్యారెల్ మార్చడం

అతుకు ఎక్కడ దాగుతుందో అక్కడే కోయాలి. టీ-55 టరెట్ నుంచి గన్ బయటికి వచ్చే చోట గుడ్డ కవరు ఉంటుంది. మన అతుకు ఆ కవరు కిందికి రావాలి. బ్యారెల్ మధ్యలో అతుకు పెడితే ఎంత అరగదీసినా వెలుగు పడ్డప్పుడల్లా ఒంపు కనబడుతుంది.

టామియా బ్యారెల్ మొదలు దగ్గర, కాలరు (బ్యారెల్ మొదట్లో లావుగా ఉండే భాగం) దాటి 4 మి.మీ. వదిలి మాస్కింగ్ టేపు ఒక చుట్టు చుట్టండి. టేపు అంచు దానిమీదే సరిగ్గా కలిస్తే గీత వాలకుండా తిన్నగా ఉన్నట్టు. అంచు పక్కకి జరిగితే విప్పి మళ్ళీ చుట్టండి. ఆ అంచు వెంబడి రంపం పెట్టి, నొక్కకుండా, బ్యారెల్‌ని తిప్పుతూ చుట్టూ గాడి పడేలా కోయండి. నొక్కి ఒకే వైపు కోస్తే రెండు తప్పులు జరుగుతాయి: రంపం వేడికి ప్లాస్టిక్ కరిగి పళ్ళకి అంటుకుంటుంది, కోత చివర వాలిపోతుంది. సెంచూరియన్ లేదా లెపర్డ్ బ్యారెల్‌ని కూడా ఇలాగే కోయండి, కానీ మొదలు దగ్గర అవసరానికి మించి 10 మి.మీ. ఎక్కువ ఉంచుకోండి. ఎక్కువైంది అరగదీయొచ్చు, తక్కువైంది పెంచలేం.

ఇప్పుడు కోసిన మొనలు. గ్రానైట్ మీద 400 పేపరు తడిపి, బ్యారెల్‌ని నిటారుగా పట్టుకోవడానికి రెండు చెక్కముక్కలని గాడిలా అతికించి దాంట్లో ఆనించి, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ అరగదీయండి. నాలుగైదు తిప్పులకే నీళ్ళు ప్లాస్టిక్ రంగులోకి మారి చిక్కబడతాయి, తుడిచి మళ్ళీ తడపండి. మొన మీద రంపపు గీతలన్నీ పోయి ఒకే నునుపు వచ్చిందంటే చదరం కుదిరింది. ఒక పక్క గీతలు మిగిలి ఉంటే ఆ పక్క ఇంకా పల్లంగా ఉంది.

అతుకుకి లోపల ఊచ లేకపోతే ఎన్నాళ్ళో నిలవదు. బ్యారెల్ మొనకి నడిమధ్యన సూదితో గుచ్చి, 0.5 బిట్‌తో మొదలుపెట్టి 1, 1.5, 2 అంటూ పెంచుకుంటూ 8 మి.మీ. లోతు రంధ్రం చేయండి. ఒకేసారి 2 మి.మీ. బిట్ దింపితే అది తన దారిన తాను పోతుంది. కాలరులో కూడా అంతే లోతు. ఊచకి సైకిల్ స్పోకు ముక్క బాగుంటుంది. మామూలు స్పోకు మందం 2 మి.మీ. ఉంటుంది, అయినా వెర్నియర్‌తో కొలిచి చూసుకోండి. కాలరు వైపు రంధ్రాన్ని 2.3 మి.మీ.కి పెంచండి. ఈ కొంచెం వదులు కావాలనే పెడుతున్నాం. అది లేకుండా బిగుతుగా దిగితే మీరు చేసిన రంధ్రం ఎటు వాలితే బ్యారెల్ అటే వాలుతుంది.

అతికించడానికి ఇక్కడ ఫెవిక్విక్ వద్దు. సర్దుకోవడానికి టైమివ్వదు. నెమ్మదిగా బిగుసుకునే అరాల్డైట్ రెండు ట్యూబుల నుంచీ సమంగా తీసి కలిపి, ఊచకి రాసి దింపండి. టరెట్‌ని ఒంటి మీద, ఒంటిని గ్రానైట్ మీద పెట్టండి. బ్యారెల్ నోటి కింద పాత విజిటింగ్ కార్డులు దొంతరగా పెట్టి ఎత్తు సర్దండి. గ్రానైట్ నుంచి బ్యారెల్ నడిమి గీతకి మొదలు దగ్గర ఎంతుందో, నోటి దగ్గర అంతే ఉంటే గన్ అడ్డంగా సమంగా ఉంది. కొంచెం పైకెత్తి పెట్టాలంటే పెట్టొచ్చు. కిందికి మాత్రం టీ-55 గన్ 5 డిగ్రీలకి మించి దిగదు, అంతకన్నా వంగితే అసలు బండిలో అది జరగని పని. పై నుంచి చూడటానికి టరెట్ వెనక మధ్యలో ఒక దారం టేపుతో అంటించి ముందుకి లాగండి, బ్యారెల్ దారం కిందే దాగిపోవాలి. అతుకు దగ్గర ఒక్క డిగ్రీ తప్పితే 130 మి.మీ. దూరంలో నోరు 2 మి.మీ.కి పైగా పక్కకి పోతుంది. షెల్ఫులో పెట్టిన మోడల్లో అందరి కంటికీ ముందు కనబడేది ఆ వంకరే. రాత్రంతా కదపకుండా వదిలేయండి. ఫ్యాను గాలికి దారం ఊగితే కంగారుపడొద్దు, కార్డుల దొంతర జరగకపోతే చాలు.

ఎల్7 మీది ఫ్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్ బ్యారెల్‌కి నడిమధ్యలో కాక ఒక పక్కకి జరిగినట్టు కనిపిస్తే కిట్టు తప్పు అనుకుని అరగదీయకండి. అసలు గన్‌లోనూ అలాగే ఉంటుంది. అరాల్డైట్ బిగుసుకోకముందే ఫోటోలో ఉబ్బు ఏ వైపుకి ఉందో చూసి బ్యారెల్‌ని తిప్పి పెట్టుకోండి, బిగుసుకున్నాక చేయగలిగిందేమీ ఉండదు. గన్ మీద ఎండవేడి నుంచి కాపాడే తొడుగు మీ ఫోటోలో ఉంటే, తొడుగు అచ్చుపోసి ఉన్న బ్యారెల్‌నే కొనడం మేలు. కాగితం చుట్టి తయారుచేసిన తొడుగుకి చివర అంచు ఎప్పుడూ తేలిపోయి కనబడుతుంది.

మెటల్ బ్యారెల్ అయితే టరెట్ ముందుకి వాలుతుంది, గన్ కిందికి జారుతుంది. టరెట్ వెనక లోపలి గోడకి బరువు పెట్టాలి. వల సామాను అమ్మే కొట్లలో దొరికే సీసం గుండ్లు నాలుగైదు చాలు. వాటిని ఫెవికాల్‌తో అంటించొద్దు. తెల్లజిగురు తగిలిన సీసం నెలలు గడిచేకొద్దీ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి టరెట్ అతుకుల్ని లోపలి నుంచే విప్పేస్తుంది. అరాల్డైట్‌లో ముంచి పెట్టాలి. సీసం పట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి.

గుడ్డ కవరు చివర్లో. ఎం-సీల్‌తో ముడతలు చేయాలని చూస్తే గరుకు గరుకుగా వస్తుంది, అది వెల్డింగు గీతలకీ, నేల తయారీకే బాగుంటుంది. పల్చటి టిష్యూ కాగితాన్ని సగానికి సగం నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో తడిపి అతుకు మీద పరిచి, తడి కుంచెతో మడతలు తీయండి. ఆరాక ఇంకో పొర. రెండు పొరలకి గుడ్డ, మూడు పొరలకి తోలు.

1971 బండి అయితే

కిట్టు బ్యారెల్‌నే ఉంచండి, నోటి దగ్గర ఉన్న సోవియట్ ఎక్స్‌ట్రాక్టర్‌ని కూడా. ఉత్తుత్తి డబ్బా దానికి అదనంగా మధ్యలో వస్తుంది. బ్యారెల్ బయటి వ్యాసానికి సరిపడే స్టైరీన్ ట్యూబు దొరికితే ఫోటో లెక్క ప్రకారం ముక్క కోసి, బ్యారెల్‌ని టరెట్‌కి అతికించకముందే తొడగండి. ట్యూబు వదులైతే లోపల మాస్కింగ్ టేపు రెండు చివరలా సమంగా చుట్టి దాని మీద తొడగాలి, లేకపోతే డబ్బా ఒక పక్కకి ఒరిగిపోతుంది. ట్యూబు దొరక్కపోతే 0.25 మి.మీ. స్టైరీన్ షీటు పట్టీని వేడి నీళ్ళలో ముంచి పెన్ను మీద చుట్టి ఆరనిచ్చి, తర్వాత బ్యారెల్ మీద పొరలుగా చుట్టి ఎక్స్‌ట్రా థిన్‌తో అంటించండి. పట్టీ చివర అంచు బ్యారెల్ అడుగు వైపుకి రావాలి. పెరుగు కప్పు అడుగున త్రికోణంలో 6 అని ఉంటే అదీ పాలీస్టైరీనే, పట్టీలకి పనికొస్తుంది. 5 ఉంటే పాలీప్రొపిలీన్, జిగురు దానికి అంటదు.

మిగతా భాగాలు

స్పేర్స్ డబ్బాలోంచి తీసి పెట్టే పొగ గ్రెనేడ్ గొట్టాలు, యాంటెనా దిమ్మలు, సామాను పెట్టెలు ఫోటోలో ఉన్నవే పెట్టండి, ఖాళీ కనిపించిన చోటల్లా కాదు. చక్రాల విషయంలో కలగాపులగం చేయొద్దు: టీ-54 కిట్టు మిగులు చక్రాలూ టీ-55 చక్రాలూ పక్కపక్కన చూస్తే ఒకలాగే ఉంటాయి కానీ ఆకుల ఆకారం తేడా. వేరే కంపెనీ చక్రమైతే ఇరుసు రంధ్రం లోతు కూడా తేడా వస్తుంది, చక్రం అర మిల్లీమీటరు బయటికి పొడుచుకొస్తుంది. టీ-55కి మొదటి రెండు చక్రాల మధ్య సందు ఎక్కువ, పళ్ళచక్రం వెనక ఉంటుంది, ట్రాకు పై వరస నేరుగా చక్రాల మీద ఆని కొద్దిగా వేలాడుతుంది. ఇది గమనించకుండా ట్రాకుని గీత గీసినట్టు బిగిస్తే గన్ ఎంత బాగా మార్చినా దండగే.

వేరే కంపెనీ టరెట్‌నే ఎత్తి ఈ ఒంటి మీద పెట్టాలనుకుంటే కింది రింగు సరిపోదు. టరెట్ కింద ఉండే తాళం పళ్ళు కోసేసి, రింగు వదులైతే స్టైరీన్ పట్టీ చుట్టి, బిగుతైతే ఒంటి రంధ్రాన్ని 400 పేపరు చుట్టిన గుండ్రటి డబ్బాతో పెంచండి. కత్తితో పెంచితే ఎప్పుడూ కోడిగుడ్డు ఆకారమే వస్తుంది.

సందులు పూడ్చడం

ప్లాస్టిక్‌కీ ప్లాస్టిక్‌కీ మధ్య సందుకి ఇంట్లో చేసుకున్నదే మంచి పుట్టీ: ఖాళీ ఎక్స్‌ట్రా థిన్ సీసాలో స్ప్రూ ముక్కలు సన్నగా తరిగి వేసి, కొంచెం జిగురు పోసి రాత్రంతా వదిలితే తేనెలా అవుతుంది. సందులో కాస్త ఎత్తుగా వేసి, కనీసం ఒక రోజు ఆగండి. ఆరేకొద్దీ అది కుంగుతుంది, తొందరపడి ఆ రోజే అరగదీస్తే వారానికి మళ్ళీ గాడి పడుతుంది. మెటల్‌కీ ప్లాస్టిక్‌కీ మధ్య ఇది పట్టదు, అక్కడ ఫెవిక్విక్ పల్చగా వేసి గట్టిపడిన వెంటనే అరగదీయండి. మర్నాటిదాకా ఆగితే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కన్నా గట్టిదై, ప్లాస్టిక్ అరిగి అతుకు మిగిలిపోతుంది. టింకరింగ్ షెడ్లలో వాడే ఎన్‌సీ పుట్టీ కూడా పనిచేస్తుంది, పల్చటి పొరలుగా వేస్తేనే. మందంగా వేస్తే దాంట్లోని ద్రావకం కింది ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది.

ప్రైమర్, రంగు

పచ్చ ప్లాస్టిక్, తెల్ల స్టైరీన్, అల్యూమినియం, టిష్యూ కాగితం: ఇన్ని రకాలు ఒకే మోడల్ మీద ఉన్నప్పుడు ప్రైమర్ మానేయడానికి లేదు. బూడిదరంగు ప్రైమర్ పడ్డాక మీ అతుకు బాగుందో లేదో మొదటిసారి నిజంగా తెలుస్తుంది. సబ్బు నీళ్ళతో కడిగి, బాగా ఆరనిచ్చి, అల్యూమినియం మీద 1000 పేపరు ఒకసారి తిప్పి కొట్టండి. కార్ల స్ప్రే డబ్బా ప్రైమర్ వాడేటట్టయితే ముందు స్ప్రూ మీద కొట్టి చూడండి, కొన్ని ప్లాస్టిక్‌ని తినేస్తాయి. ఎన్‌సీ థిన్నర్‌ని నేరుగా మోడల్‌కి తగలనివ్వొద్దు.

వాతావరణం మన వైపు రెండు రకాలుగా ఏడిపిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, గాలిలో తేమ ఎక్కువ. ఆ రోజుల్లో లక్కర్ రంగులు కొడితే ఆరే పొర మీద తేమ చేరి తెల్లబారుతుంది. వాన పడ్డ రోజు వదిలేసి, ఎండ కాసిన రోజు పొద్దు బాగా ఎక్కాక కొట్టండి. కంప్రెసర్ గొట్టానికి తేమ పట్టే ట్రాపు లేకపోతే నీటి చుక్కలు రంగుతో పాటు వచ్చి పడతాయి. ఏప్రిల్, మేలలో ఇంకో గొడవ. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం అక్రిలిక్ రంగు మోడల్‌ని చేరకముందే గాలిలోనే ఆరి, ఇసుక చల్లినట్టు గరుకుగా దిగుతుంది. తెల్లవారుజామున కొట్టండి, రంగులో రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే మందు) రెండు చుక్కలు కలపండి, ఎయిర్‌బ్రష్‌ని దగ్గరగా పట్టండి. ఇవేవీ లేకుండా హాయిగా రంగు వేసుకునే కాలం జనవరి, ఫిబ్రవరి.

రంగు ఆలివ్ గ్రీన్. టామియా అక్రిలిక్స్‌లో ఎక్స్ఎఫ్-62 ఆలివ్ డ్రాబ్‌ని ఆధారంగా తీసుకుని, చిన్న మోడల్ మీద ముదురుగా కనబడకుండా తెలుపు కానీ లేత పసుపు కానీ పదోవంతు కలపండి. ఇంతకన్నా కచ్చితమైన నంబరు చెప్పేవాళ్ళని నమ్మనక్కర్లేదు. ఎండకి వెలిసిన బండి, నిన్న రంగేసిన బండి ఒకే ఆకుపచ్చలో ఉండవు.

నంబర్లు, మట్టి

రెండు కిట్ల డెకాల్స్ (తడిపి అంటించే స్టిక్కర్లు) లోనూ మన సైన్యం నంబర్లు ఉండవు. ఇంట్లో ప్రింటు తీసుకుందామంటే, మామూలు ప్రింటరు తెల్ల సిరా వేయదు. తెల్ల అంకెలకి రెండు దారులు: కిట్టు డెకాల్ షీట్లలోని తెల్ల అంకెలని ఒక్కొక్కటీ కత్తిరించి పేర్చడం, లేదా తెల్ల డెకాల్ కాగితం మీద చుట్టూ ఆకుపచ్చ ప్రింటు చేసి అంకెల దగ్గర ఖాళీ వదలడం. రెండోదాంట్లో ఆకుపచ్చ మీ రంగుతో కలవదు, అంచుల మీద మళ్ళీ కుంచె పెట్టాల్సిందే. మొదటిదే మేలు. డెకాల్ వేసేచోట ముందు మెరిసే (గ్లాసీ) వార్నిష్ కొట్టండి, గరుకు మీద వేస్తే కింద గాలి చిక్కి వెండి రంగులో మెరుస్తుంది.

మట్టికి ఇసుక వాడొద్దు. 1 మి.మీ. ఇసుక రేణువు ఈ స్కేలులో 35 మి.మీ. రాయి. పెన్నా ఇసుక ట్యాంకు మీద చల్లితే కంకర మీద దొర్లించినట్టుంటుంది. మైపాడు ఒడ్డు ఇసుక అయితే ఉప్పు కూడా, అది గాలిలో తేమ లాగి రంగు కిందికి చేరుతుంది. పొలం మట్టిని ఎండబెట్టి, నూరి, పాత నైలాన్ సాక్సుతో జల్లించి, పడిన మెత్తటి పొడిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి చక్రాల మధ్య, మడ్‌గార్డు కింద పూయండి. టరెట్ మీద మట్టి దాదాపు అక్కర్లేదు, దుమ్ము చాలు.

ట్రాకులు ఆఖర్న ఎక్కించండి. పాత కిట్ల నల్ల వినైల్ ట్రాకులు వాడుతుంటే చక్రాలకి తగిలే చోట రంగు, వార్నిష్ పొర తప్పకుండా ఉండాలి. వినైల్‌లోని నూనె పదార్థం పాలీస్టైరీన్‌ని నెమ్మదిగా కరిగిస్తుంది, మన ఎండలకి ఇంకా తొందరగా. కట్టిన మోడల్‌ని ఎండ పడే కిటికీ దగ్గర షోకేసులో పెట్టొద్దు, ఊరు తీసుకెళ్ళేటప్పుడు ఎండలో ఆపిన కారులో వదలొద్దు. మొదట వంగేది పల్చటి మడ్‌గార్డులు, ఆ తర్వాత ప్లాస్టిక్ బ్యారెల్.